శత్రుదేశాల ఉమ్మడి వాచకం

పన్నెండవ తరగతిలో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి ఇంగ్లీషు వాచకం 'ఫ్లెమింగో' చదివిన విద్యార్థులకు హామెల్ పంతులు పరిచితుడే. ఫ్రెంచి రచయిత అల్ఫోన్స్ దోదే వ్రాసిన 'చివరి పాఠం' అనే కథ ఆ వాచకంలో మొట్టమొదటి పాఠం. 1870–71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయి, అల్సాస్ సీమ, లోరేన్‌లో కొంత భాగం జర్మనీ వశమైనవి. ఇకమీదట అక్కడి బడులలో జర్మను తప్ప వేరొక భాష చెప్పరాదని బెర్లిను నుంచి ఉత్తరువు వచ్చినది. నలభై ఏళ్ళు ఒకే బడిలో పాఠం చెప్పిన ముసలి పంతులు పండుగనాటి దుస్తులు ధరించి, వెనుక బల్లలమీద ఊరి పెద్దలు మౌనంగా కూర్చుండగా, కడసారి ఫ్రెంచి వ్యాకరణం చెప్పి, చివరకు గొంతు పెగలక, నల్లబల్లమీద స్వదేశానికి జేజేలు వ్రాసి, ఇక వెళ్ళండని పిల్లలకు చేసన్న చేసినాడు. ఈ పాఠం చెప్పేటప్పుడు ఏ ఉపాధ్యాయుని గొంతైనా కొంచెం మారడం సహజం.

ఐతే కథలో లేని సంగతి ఒకటున్నది. అల్సాస్ పల్లెలలో నాడు అత్యధిక సంఖ్యాకులు ఇంట మాట్లాడుకొన్నది ఫ్రెంచి కాదు. జర్మను కుటుంబానికి చెందిన ఒక మాండలికం. ఫ్రెంచి వారికి బడిలో నేర్చిన భాష. కథ చెప్పే కుర్రవాడి పేరు ఫ్రాంజ్ కావడంలోనే ఆ సూచన ఉన్నది. మా భాష మాట్లాడే మా సోదరులను మేము విడిపించుకొన్నామని జర్మను జాతీయవాదులు వాదించినది దీనిని పట్టుకొనే. కాని భాష ఒకటైనంత మాత్రాన మనసు ఒకటి కావాలని లేదు. తమను జర్మనీకి అప్పగించవద్దని ఆ సీమ ప్రతినిధులు 1871లో ఫ్రెంచి జాతీయసభ ఎదుట గట్టిగా నిరసన తెలిపినారు. అంటే దోదే అబద్ధం చెప్పలేదు, సగం చెప్పినాడు. జర్మను వాచకాలు తక్కిన సగం చెప్పినవి.

ఆ పిమ్మటి కథ ఇంకా విచిత్రమైనది. 1918లో జర్మనీ ఓడినది. అల్సాస్ మరల ఫ్రాన్సు చేతికి వచ్చినది. ఈసారి బడులనుంచి వెళ్ళిపోవలసిన వంతు జర్మను పంతుళ్ళది. 1871 తరువాత వచ్చి స్థిరపడిన జర్మను కుటుంబాలు వేలకు వేలు మూటాముల్లె సర్దుకొని రైను నది దాటినవి. 1940లో హిట్లరు సేనలు వచ్చి ఫ్రెంచిని నిషేధించినవి. 1945 నాటికి మరల ఫ్రెంచి. 1865లో పుట్టి ఎనభై ఏళ్ళు బ్రతికిన అల్సాస్ రైతు తన ఊరు కదలకుండానే నాలుగుమార్లు దేశం మారినాడు. ప్రతిసారీ ఆ మార్పు మొదట తెలిసినది బడిలోనే.

ఇట్టి చరిత్ర గల రెండు దేశాలు తమ పిల్లల చేతిలో ఒకే చరిత్ర వాచకం పెట్టడానికి పూనుకొన్నాయంటే నమ్మశక్యం కాదు. కాని 2006 మే 4వ తేదీన ఉత్తర ఫ్రాన్సులోని పెరోన్ పట్టణంలో, మొదటి ప్రపంచ యుద్ధ ప్రదర్శనశాలలో, అట్టి వాచకం వెలువడినది. పెరోన్ ఉన్నది సోమ్ నది ఒడ్డున. 1916 జూలై నుంచి నవంబరు వరకు ఆ నదీ ప్రాంతంలో జరిగిన ఒక్క యుద్ధంలోనే చనిపోయినవారూ గాయపడినవారూ కలిసి పది లక్షలకు పైబడినారు. వాచకాన్ని అక్కడ ఆవిష్కరించడం యాదృచ్ఛికం కాదు.

నేడు విద్య దేశాల ఎల్లలు దాటుతున్నదని పలువురు సంతోషిస్తున్నారు. జెనీవాలో 1968లో నెలకొన్న ఇంటర్నేషనల్ బాకలారియేట్ పాఠ్యక్రమం నేడు హైదరాబాదు బడులలోనూ ఉన్నది. 1999లో బొలోనా పట్టణంలో యూరపు మంత్రులు చేసిన ప్రకటన ఆ ఖండపు విశ్వవిద్యాలయ పట్టాలను ఒక త్రాటిమీదికి తెచ్చినది. ఇవి చిన్న విషయాలు కావు. కాని గణితంలోనూ రసాయనంలోనూ దేశాలు ఏకం కావడానికి పెద్ద అడ్డంకి లేదు. త్రిభుజంలో కోణాల మొత్తం పారిస్‌లో ఎంతో బెర్లినులోనూ అంతే. చరిత్ర వద్దకు వచ్చేసరికి ఒకరి విజయం మరొకరి పరాజయం. కాబట్టి అంతర్జాతీయ పాఠ్యరచనకు అసలైన పరీక్ష చరిత్ర పాఠమే.

ఆ పరీక్షకు మొదట కూర్చున్నది నానాజాతి సమితి. మొదటి ప్రపంచ యుద్ధానికి తుపాకుల కన్న ముందు వాచకాలు సిద్ధమైనవనే ఆరోపణ ఆనాడు బలంగా ఉండేది. సమితికి అనుబంధంగా మేధావుల సహకార సంఘం ఒకటి పనిచేసినది. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ వంటివారు అందులో సభ్యులు. మన దేశంనుంచి జగదీశ చంద్ర బోసు ఉండినారు. ఆ పిమ్మట 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ సభ్యులైనారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన వైస్ ఛాన్సలర్ అయినదీ ఆ సంవత్సరమే. ఈ సంఘం 1925లో స్పెయిను పండితుడు హులియో కసారెస్ సూచించిన ఒక పద్ధతిని అంగీకరించినది. ఒక దేశపు వాచకంలో తమను గూర్చి తప్పు వ్రాసినారని మరొక దేశం భావిస్తే, ఆ దేశపు సంఘానికి ఉత్తరం వ్రాసి సవరణ కోరవచ్చు.

వినడానికి చక్కగానే ఉన్నది. కాని ఉత్తరం అందుకొన్నవారు సవరించి తీరాలన్న నియమం లేదు. ఎందుకు సవరించలేదో చెప్పవలసిన పని కూడా లేదు. పైగా భౌగోళిక విషయాలు, నాగరికత వంటి నిర్ధారణకు అందే సంగతులు తప్ప, రాజకీయ నైతికాభిప్రాయాల జోలికి పోరాదు. కసవు తీయవచ్చు గాని విషపుమొక్కను ముట్టరాదన్నట్లు! ఇరుగుపొరుగుల వాచకాలను ఉత్తరాలతో బాగుచేయడం కుదరదని అనుభవం మీద తేలినది. ఎదురెదురుగా కూర్చోవలసినదే.

అట్లా కూర్చోబెట్టినవాడు గేఓర్గ్ ఎకెర్ట్ అనే ఆచార్యుడు. 1912లో బెర్లినులో జన్మించినాడు. రెండవ యుద్ధకాలంలో జర్మను నౌకాదళ వాతావరణ శాఖ ఉద్యోగిగా గ్రీసుకు వెళ్ళి, 1944లో అక్కడి ప్రతిఘటన దళాల పక్షం చేరినాడు. యుద్ధానంతరం బ్రౌన్‌ష్వైగ్ నగరంలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చరిత్ర బోధించినాడు. బాంబులకు కూలిన నగరం. నాజీ వాచకాలు తప్ప వేరు వాచకాలు లేని బడులు. రేపు ఈ పిల్లలకు ఏ చరిత్ర చెప్పాలన్నది ఆయన శిష్యుల ఎదుట నిత్యమూ నిలిచిన ప్రశ్న. అక్కడే 1951లో వాచకాల సంస్కరణకు ఒక అంతర్జాతీయ సంస్థను నెలకొల్పినాడు. ఆయన 1974లో మరణించినాడు. మరుసటి ఏడు ఆ సంస్థకు ఆయన పేరే పెట్టినారు. నేడు దేశదేశాల పాఠ్యపుస్తకాలను సేకరించి పరిశీలించే గ్రంథాలయంగా అది లోకప్రసిద్ధం.

1951లోనే ఫ్రెంచి, జర్మను చరిత్రకారులు కూర్చొని వివాదాస్పదమైన ఘట్టాలను గూర్చి 40 సూత్రాలు వ్రాసుకొన్నారు. ఫ్రెంచి పక్షాన పెద్ద పియేర్ రెనూవాన్. మొదటి యుద్ధంలో ఎడమచేయి పోగొట్టుకొన్నవాడు. జర్మను పక్షాన గెర్హార్డ్ రిట్టర్. ఆ యుద్ధంలో ఎదుటి సేనలో పోరాడినవాడు, రెండవ యుద్ధం చివర హిట్లరు చెరసాలలో ఉన్నవాడు. ఈ ఇద్దరూ ఒక బల్లకు రెండు పక్కల కూర్చొని, 1914లో యూరపు యుద్ధాన్ని బుద్ధిపూర్వకంగా కోరిన నేరం ఏ ఒక్క ప్రభుత్వానికీ ఏ ఒక్క ప్రజకూ అంటగట్టడానికి పత్రాలు ఆధారమివ్వవని అంగీకరించినారు. తెగిన చేయి సాక్షిగా జరిగిన అంగీకారం కాబట్టి దానికి ఎంతో గౌరవం లభించినది.

పదేళ్ళు తిరిగేసరికి దానికి చిక్కు వచ్చినది. తెచ్చినవాడు ఫ్రెంచివాడు కాదు, జర్మనుడే! హాంబుర్గు ఆచార్యుడు ఫ్రిట్జ్ ఫిషర్ 1961లో పెద్ద గ్రంథం ప్రకటించి, 1914లో జర్మను ప్రభుత్వానికి దండయాత్రా లక్ష్యాలు ఉండినవని, యుద్ధబాధ్యతలో దాని పాలు అధికమని వాదించినాడు. రిట్టర్ తీవ్రంగా ఖండించినాడు. ఆ వివాదం నేటికీ పూర్తిగా చల్లారలేదు. ఇందువల్ల తెలిసినదేమంటే, ఇరుపక్షాల పెద్దమనుషులు మర్యాదకొద్దీ కుదుర్చుకొన్న రాజీ వేరు, సత్యం వేరు. ఇద్దరు సంతకం చేసినంతనే చరిత్ర ముగియదు. వాచకంలో అంగీకారాన్ని మాత్రమే వ్రాసి, వాదాన్ని దాచితే పిల్లవానికి దక్కేది చరిత్ర కాదు, ఒడంబడిక పత్రం.

1963 జనవరి 22న ఫ్రాన్సు అధ్యక్షుడు డి గాల్, జర్మనీ ఛాన్సలర్ అడెనాయర్ పారిస్‌లో ఎలీజే సంధిపై సంతకాలు చేసినారు. దాని నలభై ఏళ్ళ పండుగ 2003 జనవరిలో జరిగినది. ఆ సందర్భంలో ఉభయ దేశాల విద్యార్థులు సుమారు అయిదువందలమంది బెర్లినులో యువజన పార్లమెంటుగా సమావేశమైనారు. ఉభయ దేశాలకూ ఒకే చరిత్ర వాచకం కావాలని తీర్మానించినది వారే. పెద్దలు పండుగలలో చేసే తీర్మానాల గతి అందరికీ తెలిసినదే. పిల్లలు చేసిన ఈ తీర్మానం మాత్రం మూడేళ్ళలో పుస్తకమైనది. అధ్యక్షుడు షిరాక్, ఛాన్సలర్ ష్రోడర్ దానిని బలపరచడం ఇందుకు తోడ్పడినది.

పని చేపట్టినది పారిస్ ప్రచురణకర్తలు నతాన్, జర్మను ప్రచురణకర్తలు క్లెట్. దేశానికి అయిదుగురు చొప్పున పదిమంది రచయితలు. నియమం ఒకటే: రెండు భాషలలోనూ అదే పాఠం, అవే పటాలు, అవే ప్రశ్నలు. ఆశ్చర్యమేమంటే వ్రాత చివరినుంచి మొదలైనది. 1945 తరువాతి చరిత్రగల మూడవ సంపుటం 2006లో, 1815 నుంచి 1945 వరకు గల రెండవది 2008లో, ప్రాచీన కాలంనుంచి 1815 వరకు గల మొదటిది 2011లో వెలువడినవి. పై తరగతి పిల్లలకు ముందు అందించాలన్నది సంకల్పం. ఫ్రాన్సు దేశానికంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక. జర్మనీలో 16 రాష్ట్రాలు, ప్రతి రాష్ట్రానికీ తన ప్రణాళిక. పదిహేడు ప్రణాళికలకు సరిపడే పుస్తకం ఒకటి వ్రాయడమంటే పదిహేడు కొలతలకు ఒకే చొక్కా కుట్టడం.

అసలు తగవు యుద్ధాల దగ్గర వస్తుందని అందరూ అనుకొన్నారు. రాలేదు. వెర్దున్ మృతులను గూర్చి గాని హిట్లరు నేరాలను గూర్చి గాని ఇరుపక్షాల పండితులకు పేచీ లేదు. పేచీ వచ్చినది అనుకోని చోట్ల. వాటిలో మొదటిది బోధన పద్ధతి. ఫ్రెంచి విద్యార్థికి పాఠం ఒక క్రమమైన నిర్మాణం; విషయాన్ని భాగాలుగా విభజించి, పద్ధతిగా వ్యాసం వ్రాయడం నేర్వాలి. జర్మను తరగతిలో విద్యార్థి ఒక పత్రాన్ని చదివి, వాదించి, తన అభిప్రాయం చెప్పాలి. ఒకరికి రెండవవారి ప్రశ్న మరీ వదులుగా కనిపించినది. రెండవవారికి మొదటివారి ప్రశ్న మరీ బిగువుగా కనిపించినది. పాఠం చెప్పే పద్ధతి కూడా ఒక జాతి స్వభావమేనని, దానిని ఎవరూ పాఠంగా వ్రాసుకొనరు కాబట్టి అది ఎవరి కంటా పడదని అప్పుడు తెలిసినది.

రెండవ పేచీ కమ్యూనిజం. ఫ్రాన్సులో కమ్యూనిస్టులు నాజీ ఆక్రమణను ఎదిరించి ప్రాణాలర్పించినవారు. యుద్ధానంతరం వారికి లక్షలకొలదిగా ఓట్లు వచ్చినవి. జర్మనుల జ్ఞాపకంలో కమ్యూనిజమంటే నలభై ఏళ్ళ తూర్పు జర్మనీ, బెర్లిను గోడ, రహస్య పోలీసులు. మూడవది అమెరికా. 1948–49లో దిగ్బంధంలో చిక్కిన పడమటి బెర్లినుకు బొగ్గు, పిండి విమానాలలో తెచ్చి నిలబెట్టినవారు అమెరికన్లు. జర్మను రచయితకు ఆ కృతజ్ఞత ఉన్నది. ఫ్రెంచి రచయితకు గుర్తువచ్చేది 1966. డి గాల్ తన సేనలను నాటో ఉమ్మడి సైన్యాధిపత్యం నుంచి తప్పించి, అమెరికన్ సేనలను దేశం విడిచి పొమ్మన్న సంవత్సరం. ఒకే మాటను ఇద్దరూ వ్రాస్తున్నారు. మాట వెనుక ఉన్న మనుషులు వేరు. రచయితలు తగవును కప్పిపుచ్చకుండా, దృక్పథాల మార్పిడి అనే పేరుతో ప్రత్యేక పుటలు చేర్చినారు. ఈ సంగతి అక్కడ ఎట్లా కనిపించినది, ఇక్కడ ఎట్లా కనిపించినది అని అందులో పక్కపక్కనే ఉంటుంది. పుస్తకం మొత్తానికి చదవదగిన పుటలు అవే.

ఒక్క తేదీని చూస్తే ఈ మార్పిడి అవసరం తెలుస్తుంది. 1945 మే 8న జర్మనీ లొంగిపోయినది. ఫ్రాన్సులో అది విజయ దినం, సెలవు దినం. జర్మనులకు చిరకాలం అది ఓటమి దినం. నలభై ఏళ్ళ తరువాత, 1985లో, అధ్యక్షుడు రిచర్డ్ ఫాన్ వైట్సెకర్ పార్లమెంటులో నిలిచి అది తమకు కూడా విముక్తి దినమేనని చెప్పినాడు. వినడానికి జర్మను చెవులకు నలభై ఏళ్ళు పట్టినది.

ఇది తెలుగువారికి కొత్త సంగతి కాదు. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసినది. అది విమోచనమా, విలీనమా, పోలీసు చర్యా అని ఒకే భాష మాట్లాడేవారు, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటివారు, నేటికీ వాదించుకొంటూనే ఉన్నారు. 2022లో అదే రోజును కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగానూ, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగానూ జరిపినవి. ఏ పేరు వ్రాసినా తరగతిలో ఒక విద్యార్థి తాత కథకు అది సరిపడదు. 1857ను 'సిపాయీల తిరుగుబాటు' అని చదివిన తరమూ, 'ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం' అని చదివిన తరమూ మనలోనే ఉన్నవి.

మే 8కి మూడవ ముఖం కూడా ఉన్నది. ఆనాడే అల్జీరియాలోని సెతీఫ్ పట్టణంలో విజయోత్సవపు ఊరేగింపులో కొందరు స్వాతంత్ర్య నినాదాలు చేసి తమ జెండా ఎత్తినారు. పోలీసులు కాల్పులు జరిపినారు. అల్లర్లలో ఐరోపీయులు మరణించినారు. ఆ పైన ఫ్రెంచి సైన్యం ఆ ప్రాంతంలో వేలమంది అల్జీరియనులను హతమార్చినది. అల్జీరియా బడిలో మే 8 అంటే ఇది. ఫ్రాన్సు, జర్మనీ కూర్చొన్న బల్ల దగ్గర అల్జీరియాకు కుర్చీ లేదు. ఇద్దరు శత్రువులు మిత్రులై చరిత్ర వ్రాసుకొంటే మూడవవాని సంగతి ఏమిటన్నది ఈ ఉమ్మడి వాచకాలన్నింటికీ వర్తించే ఆక్షేపణ. దానికి పూర్తి సమాధానం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మరి పుస్తకం ఏమైనది? మొదటి సంపుటానికి పత్రికలు బ్రహ్మరథం పట్టినవి. తరగతి గదులలో ఆదరణ అంతగా లేదు. ఉభయభాషా తరగతులున్న బడులలో తప్ప సామాన్యమైన బడులు దానిని విస్తారంగా తీసుకొనలేదు. అన్ని ప్రణాళికలకూ కొంచెం కొంచెం సరిపడినది ఏ ఒక్కదానికీ పూర్తిగా సరిపడదు. పరీక్ష దగ్గరపడుతున్న ఉపాధ్యాయునికి అట్టి పుస్తకంతో కుస్తీ పట్టే తీరిక ఉండదు. దానికి తోడు 2010లో ఫ్రాన్సు ఉన్నత పాఠశాలల ప్రణాళికను సంస్కరించినది. చివరి సంపుటం వెలువడేనాటికే మొదట వచ్చినది ప్రణాళికతో తేడాపడినది. ఏళ్ళ తరబడి పదిమంది చేసిన శ్రమను ఒక ప్రభుత్వ ఉత్తరువు పక్కకు నెట్టగలదు. వాచకాల కమిటీలలో పనిచేసినవారికి ఈ అనుభవం ఏ దేశంలోనైనా ఒకటే.

ఐనా ఆ ప్రయత్నాన్ని చూచి పొరుగువారు ధైర్యం తెచ్చుకొన్నారు. అందులో ముఖ్యులు పోలెండువారు. జర్మనీ, పోలెండుల గాయం ఇంకా లోతైనది. రెండవ యుద్ధంలో పోలెండు సుమారు 60 లక్షలమంది పౌరులను కోల్పోయినది. వారిలో దాదాపు సగం యూదులు. యుద్ధం ముగిసినపుడు ఓడర్, నైసె నదులకు తూర్పున తరతరాలుగా ఉన్న జర్మనులను లక్షలకొలదిగా వెళ్ళగొట్టినారు. 1970 డిసెంబరులో ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో యూదుల స్మారక చిహ్నం ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. మరి రెండేళ్ళకు, 1972లో, యునెస్కో ఆధ్వర్యాన జర్మను–పోలిష్ వాచక సంఘం ఏర్పడినది. దానిని నడిపినవారిలో మన ఎకెర్ట్ ఒకడు.

ఆ సంఘం 1976లో 26 సిఫారసులు ప్రకటించినది. జర్మనులు తూర్పునుంచి వెళ్ళిపోయిన ఘట్టాన్ని వర్ణిస్తూ 'వెళ్ళగొట్టడం' అన్న మాట వాడలేదు. 'జనాభా తరలింపు' వంటి మెత్తని మాట పెట్టినారు. ఊళ్ళు పోగొట్టుకొన్న జర్మను కుటుంబాలు మండిపడినవి. పోలెండు పక్షానా ఒక మౌనం ఉన్నది. 1939లో హిట్లరు, స్టాలిను రహస్యంగా పోలెండును పంచుకొన్న ఒడంబడికను గాని, కాటిన్ అడవిలో సోవియట్లు పోలిష్ సైన్యాధికారులను చంపిన సంగతిని గాని నాటి కమ్యూనిస్టు పోలెండులో ఎత్తరాదు. ఒకరు ఒక మాట మింగినారు. మరొకరు ఒక ఘట్టమే మింగినారు. ఐనా బల్ల వదలి లేవలేదు. 1989లో పోలెండు స్వేచ్ఛ పొందిన పిమ్మట మింగినవన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చినవి. వారి ఉమ్మడి వాచకం మొదటి సంపుటం 2016లో, నాలుగవది 2020లో వెలువడినవి. సంఘం ఏర్పడిన నలభైనాలుగేళ్ళకు మొదటి పుస్తకం! మొదలుపెట్టిన ఆచార్యులలో పలువురు దానిని చూడలేదు.

యుద్ధం ముగిసిన తరువాత కూర్చోవడం ఒక ఎత్తు. యుద్ధం నడుస్తూ ఉండగానే కూర్చొన్నవారున్నారు. ఇజ్రాయెలు మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ బార్-ఆన్, పాలస్తీనా విద్యాశాస్త్ర ఆచార్యుడు సామీ అద్వాన్ కొందరు ఉపాధ్యాయులను కూడగట్టి, 2000 తరువాతి ఘోరమైన సంవత్సరాలలో ఒక వాచకం వ్రాయించినారు. సమావేశానికి రావడానికి పాలస్తీనా ఉపాధ్యాయులు సైనికుల తనిఖీలు దాటవలసివచ్చేది. బాంబు పేలిన మరునాడు ఎదుటివాని ముఖం చూడడం ఎవరికైనా దుర్భరం. ఒకే చరిత్ర వ్రాయడం అసాధ్యమని వారికి త్వరలోనే తెలిసినది. 1948 యుద్ధం ఒకరికి స్వాతంత్ర్య సమరం, మరొకరికి 'నక్బా', అనగా మహావిపత్తు. అందుచేత ప్రతి పుటనూ మూడు నిలువు భాగాలు చేసినారు. ఒక అంచున ఇజ్రాయెలు కథ, ఒక అంచున పాలస్తీనా కథ, నడుమ ఖాళీ. ఆ ఖాళీలో విద్యార్థి తాను వ్రాసుకోవాలి.

ఉభయ పక్షాల విద్యాశాఖలూ ఆ వాచకాన్ని ఆమోదించలేదు. బార్-ఆన్ 2008లో మరణించినాడు. అక్కడి రక్తపాతం ఆగలేదు. ఒక పుస్తకం ఆపగలదని ఆ ఉపాధ్యాయులు కూడా అనుకొనలేదు. కాని ఎదుటివాని కథను పిల్లల చేత చదివించినప్పుడు పిల్లల కన్న ముందు తమకే ఊపిరి ఆడలేదని, తాము చిన్ననాట చదివినది సగం కథ అని ఒప్పుకోవడం కష్టమైనదని అందులో పాల్గొన్న ఉపాధ్యాయులు చెప్పినారు. పాఠ్యక్రమాన్ని కలిసి తయారుచేయడంలో మొదట మారేవాడు ఉపాధ్యాయుడే. ఎలీజే వాచకం అమ్ముడుపోని సంగతి ఎంత నిజమో, దానిని వ్రాసిన పదిమంది వ్రాయకముందు ఉన్నట్లు తరువాత లేరన్నదీ అంత నిజమై ఉండాలి.

మన ఉపఖండంలో ప్రభుత్వాల పూనికతో ఇట్టి పుస్తకం రాలేదు. విద్యావేత్త కృష్ణకుమార్ 2001లో ప్రకటించిన గ్రంథంలో, స్వాతంత్ర్యోద్యమాన్ని భారత, పాకిస్తాన్ వాచకాలు ఎట్లా చెప్పుతున్నవో పోల్చి చూపినారు. సంఘటనలు చాలావరకు అవే. ఏరుకొనేవి వేరు, ఎత్తిపట్టేవి వేరు. ఒక దేశపు పిల్లవానికి 1947 విభజన కథ చివర వచ్చిన దుఃఖం. సరిహద్దు ఆవలి పిల్లవానికి కథ గమ్యమే అది. లాహోరులోనూ అమృతసరులోనూ ఒకే వయసు పిల్లలు ఒకే ఆగస్టు నెలను చదువుతున్నారు. పెరోన్‌లో పెట్టినట్లు ఒక బల్ల వాఘాలో పెట్టేవారు ఇంకా కానరాలేదు. పెట్టినా ఆ బల్లకు మూడవ కుర్చీ కూడా వేయవలసి ఉంటుంది. ఢాకావారికి 1947తో కథ ముగియలేదు, 1971 ఉన్నది.

ఇక హామెల్ పంతులు సీమ సంగతి. అల్సాస్ ప్రభుత్వ పాఠశాలలలో 1990వ దశకం నుంచి ఉభయభాషా తరగతులు నడుస్తున్నవి. వారానికి 24 గంటల బోధనలో 12 గంటలు ఫ్రెంచి, 12 గంటలు జర్మను. 1994లో ఉభయ ప్రభుత్వాలు చేసుకొన్న ఒడంబడిక ప్రకారం పై తరగతి విద్యార్థి ఒకే చదువుతో ఫ్రెంచి బాకలారియా, జర్మను అబిటూర్ రెండు పట్టాలూ పొందవచ్చు. ఆ చదువులో చరిత్ర పాఠం పరాయి భాషలోనే సాగుతుంది. పిల్లలను చేర్పించడానికి తల్లిదండ్రులు ముందుకు వస్తున్నారు. కొరత ఉపాధ్యాయులది. ఫ్రెంచి పంతులును వెళ్ళిపొమ్మన్న ఆ సీమలో నేడు జర్మనులో పాఠం చెప్పగల పంతుళ్ళ కోసం విద్యాశాఖవారు రైను నదికి ఇరువైపులా వెదుకుతున్నారు.